ఐదో చోటు

టీచర్ పోయారన్న కబురు తెలిసేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. ఆవిడ కొడుకు అబుదాబి నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయింది. ముందు మీకే చెప్పమని కాగితం మీద రాసిపెట్టింది," అన్నాడు. ఆవిడ వయసు డెబ్బై ఎనిమిది. నేను చేసేది ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం. ఏ డ్రాయింగు ఎన్నిసార్లు మారింది, ఏది ఎవరికి పంపాం అని చూసుకునే పని. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న డ్రాయింగు మీద ముద్ర వేశాను. రెండోదాని మీదా వేశాను. మూడోదాని మీద తలకిందులుగా వేశాను. అప్పుడు లేచి వాష్‌రూముకి వెళ్లి ఏడ్చాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. నాకేమీ నేర్పిన గురువు కూడా కాదు, కనీసం మొదట్లో. పక్కింటావిడ, అంతే. దుబాయ్‌లో పక్కింటివాళ్లంటే లిఫ్టులో తల ఊపి, ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవాళ్లు. మేమూ ఏడాది పాటు అలాగే తలలు ఊపుకున్నాం.

మేముండేది ఇంటర్నేషనల్ సిటీలో, రష్యా క్లస్టర్లో. అక్కడి పేటలకి దేశాల పేర్లు పెట్టారు, మాది పేరుకి రష్యా. మెట్ల మీద వినబడేది మాత్రం మలయాళం, ఉర్దూ, తగలోగ్, మన తెలుగు. మా బిల్డింగు మొత్తానికి నిజంగా రష్యా నుంచి వచ్చిన మనిషి ఆవిడ ఒక్కరే. "అంత దూరం నుంచి వచ్చి, ఇక్కడ మళ్లీ రష్యాలోనే ఇల్లు తీసుకున్నారేంటి?" అని ఒకసారి అడిగాను. "బస్టాపు దగ్గర," అన్నారు. ఆవిడ జవాబులు అలాగే ఉండేవి. ఏమైనా భావుకత దొరుకుతుందేమోనని అడిగితే బస్టాపు దొరికేది.

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోయేంత. మధ్యలో ఇరవయ్యేళ్లుగా ఇక్కడ ఏరుకున్న జల్దీ, ఖలాస్, యల్లా ఉండేవి. నేను వాటన్నిటినీ తెలుగు చేసి రాస్తున్నాను. నా పేరు ఆవిడ నోటికి ఎప్పుడూ తిరగలేదు. "నైబర్" అనేవారు. నేను "టీచర్" అనేదాన్ని. బాలే నేర్పేవారు కాబట్టి టీచర్.

ఆవిడ గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది గొడుగు సంగతి. వాన పేరెత్తని ఊళ్లో నల్ల గొడుగు పట్టుకుని తిరిగేవారు. అది వానకీ కాదు, ఎండకీ కాదు. లెక్క కొట్టడానికి. కొనతో నేల మీద టకటకా కొడితే, పిల్లల కాళ్లు దాని ప్రకారం ఆడాలి. లిఫ్టులో మనం కాస్త వంగి నిలబడితే అదే గొడుగు వీపు మధ్యలో వచ్చి గుచ్చుకునేది. "నిలబడటం రానివాళ్లు నడవడం మొదలుపెట్టకూడదు," అనేవారు. కూరగాయల సంచులు మోసుకొస్తున్న మనిషికి ఇలాంటి మాట చెబితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నాకు ఒళ్లు మండేది. కానీ నిటారుగా నిలబడేదాన్ని.

కరోనా వచ్చి అందరం ఇళ్లలో బందీలమైన రోజుల్లో ఒక మధ్యాహ్నం తలుపు మీద టకటకా చప్పుడైంది. తీసి చూస్తే ఆవిడ మాస్కు పెట్టుకుని అంత దూరాన నిలబడి, చెయ్యి చాపి గొడుగుతో తలుపు కొడుతున్నారు. "నీ దగ్గర ఒక చెయ్యి ఖాళీగా ఉందా?" అన్నారు. ఆన్‌లైన్లో క్లాసు చెప్పాలి, ఫోన్ పట్టుకునే మనిషి కావాలి. గోడకి ఆనించిన ఫోను మాటిమాటికీ జారి పడిపోతోందట. అలా మొదలైంది మా స్నేహం. రోజూ నాలుగింటికి నేను ఫోన్ పట్టుకుని నిలబడేదాన్ని, ఆవిడ కుర్చీ వీపు పట్టుకుని కాలు లేపి చూపించేవారు. నా చెయ్యి వణికితే క్లాసు ఆపి నన్నే తిట్టేవారు.

ఆ ఇంటి హాల్లో ఉన్నది ఒకే ఒక ఫొటో. హంస గౌన్లు, పూలగుత్తులు, ఆవిడ పడుచుదనం ఏమైనా ఉంటాయనుకున్నాను. అవేమీ లేవు. పాతకాలపు నలుపు తెలుపు ఫొటో. ఒక ఖాళీ గదిలో ఎనిమిది మంది ఆడపిల్లలు బరువైన కోట్లు వేసుకుని, కాళ్లకి ఉన్ని బూట్లతో, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి వరసగా నిలబడ్డారు. ఇటు నలుగురు, అటు నలుగురు. మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందుకి ఇరువైపులా ఉన్న పిల్లల చేతులు మాత్రం దించి లేవు. గాలిలో ఆగి ఉన్నాయి.

"మధ్యలో ఉన్నమ్మాయి ఫొటో తియ్యడానికి వెళ్లిందా?" అని అడిగాను. హాస్యమనుకున్నాను. టీచర్ నవ్వలేదు. కూర్చోమన్నారు.

ఆవిడ చెప్పింది ఇది. వందేళ్ల కిందటి మాట. బాలేలో ఆడవాళ్లు ఆడాలి, నాట్యం కూర్చే పని మగవాళ్లది అనే రోజులు. అప్పుడొక స్త్రీ ఆ పని నేను చేస్తానని లేచింది. చేసింది కూడా. అంతర్యుద్ధం నడుస్తుండగా, తిండీ కట్టెలూ దొరకని ఒక పట్టణంలో చిన్న బడి పెట్టి ఆడపిల్లలకి నేర్పింది. పియానో లేదు, అద్దాల్లేవు. చలికి కోటు విప్పే వీల్లేదు. ఆ గదిలో తొమ్మిది మంది పిల్లల కోసం ఆరు నిమిషాల నాట్యం ఒకటి కట్టింది. సంగీతం లేదు, లెక్క ఒక్కటే. వరస ముందుకి నడుస్తుంది, వంగుతుంది, చక్రంలా తిరుగుతుంది. ఇంకా పూర్తికాకముందే ఐదో చోట నిలబడే పిల్ల జ్వరంతో పోయింది. ఇంకో పిల్లని తెస్తామన్నారట. ఆ పెద్దావిడ వద్దంది. ఆ చోటు అలాగే ఉంచి, పక్కవాళ్ల చేతులు ఆ భుజం ఎత్తునే ఉంచమంది. నాట్యం అలాగే పూర్తయింది.

ఆ ఎనిమిది మందిలో ఒకమ్మాయి పెద్దదై మా టీచర్‌కి టీచర్ అయింది. ముసలితనంలో ఆ ఆరు నిమిషాలూ ఈవిడకి నేర్పి, ఒక నోటుపుస్తకం ఇచ్చింది. అది ఏ వేదికా ఎక్కలేదు. "ఎవరు ఆడారో అందరికీ గుర్తుంటుంది. కట్టినమ్మ గుర్తుండదు," అన్నారు టీచర్. "ఇప్పుడది ప్రపంచం మొత్తంలో ఒకే ఒంట్లో ఉంది. ఆ ఒంటికి మోకాళ్లు పనిచెయ్యడం లేదు."

ఆవిడ కోరిక ఒక్కటే. తన శిష్యురాలొకామె స్వదేశంలో చిన్న బడి నడుపుతోంది. ఆమె పంపమని అడుగుతోంది. పుస్తకంలో బొమ్మలున్నాయి, లెక్కలున్నాయి, కానీ "కాగితం మీద కాళ్లుంటాయి, ఊపిరి ఉండదు". అందుకని ఎవరిచేతనైనా ఒక్కసారి మొత్తం ఆడించి, వీడియో తీసి పంపాలి. నేర్పే స్టూడియోలో అడిగితే తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. కోటేసుకుని, మొహంలో నవ్వు లేకుండా, మధ్యలో ఖాళీ పెట్టుకుని ఆడే డాన్సుకి మా పిల్లలెందుకన్నారు. కరోనా తర్వాత ఆ స్టూడియో ఆవిడని మళ్లీ పిలవలేదు.

"మనం చేద్దాం," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నాకు నలభై తొమ్మిదేళ్లు, నడుం నొప్పి. చిన్నప్పుడు స్కూల్లో రెండేళ్లు కోలాటం ఆడాను, అదే నా నాట్యం. టీచర్ నన్ను పైనుంచి కిందికి చూశారు. "అది కట్టింది ఆకలితో ఉన్న పిల్లలకి. నువ్వు ఎక్కువ తిన్నావు. అయినా పర్వాలేదు," అన్నారు.

కింది అంతస్తులో జగిత్యాల వదిన ఉండేది. ఇప్పటికీ ఉంది. బ్యాచిలర్ల గదులకి భోజనం డబ్బాలు కట్టి పంపుతుంది. భర్త షట్టరింగ్ కార్పెంటర్, ఇప్పుడు ఫోర్‌మన్. ఆయన్ని నేను అన్నా అంటాను. వదినకి విషయం చెబితే మొత్తం విని, "కట్టినామె పేరు ఎవలకు తెల్వదా? మా ఆయన కట్టిన బిల్డింగులకు గూడ గంతే వదినె. పేరేమో షేకులది, కట్టిందేమో మనోళ్లు," అంది. ఆ మాట టీచర్‌కి తర్జుమా చేశాను. ఆవిడ వదిన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపారు. మిగతా ఆరుగురినీ వదినే పోగుచేసింది. పై అంతస్తు కేరళ నర్సు, ఆమె చెల్లెలు, రాజమండ్రి తోడికోడళ్లిద్దరు, అందరం బాజీ, అంటే అక్క, అని పిలిచే లాహోర్ ఆవిడ, ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకతె.

చోటు కూడా దొరికింది. మా బిల్డింగు కింద లేడీస్ సెలూన్ ఒకటి కరోనాలో మూతబడి, ఇంకా ఎవరూ తీసుకోలేదు. నాతూర్, అంటే మా వాచ్‌మన్, టీచర్ గొడుగుకి భయపడి తాళంచెవి ఇచ్చేశాడు. లోపల గోడ పొడుగునా అద్దాలు. "అద్దం చూసి ఆడేవాళ్లు పక్క మనిషిని చూడరు," అని టీచర్ వాటిని మూయించారు. అన్న సైటు నుంచి మందపాటి కాగితాలు తెచ్చి అంటించాడు.

శనివారం పొద్దుటి పూట ప్రాక్టీసు. లెక్క ఒకసారి ఏడు, ఒకసారి ఐదు. మనకి అలవాటైన ఎనిమిది కాదు. తప్పుతూనే ఉన్నాం. ఒకరోజు వదిన దారి కనిపెట్టింది. "మూడు గిన్నెల డబ్బా, నాలుగు గిన్నెల డబ్బా. గంతే గదా ఏడు. రెండు గిన్నెలది, మూడు గిన్నెలది. ఐదు." ఆ రోజు నుంచి ఎవరూ తప్పలేదు. టీచర్ తన నోటుపుస్తకంలో ఏడు ఉన్న చోటల్లా ఒక క్యారియర్ బొమ్మ గీసుకున్నారు. నేను కళ్లారా చూశాను.

అసలు చిక్కు ఐదో చోటు దగ్గర వచ్చింది. నాలుగో మనిషి వదిన, ఆరో మనిషి నేను. మధ్యలో ఖాళీ. ముందుకి నడిచేటప్పుడు బాగానే ఉండేది. చక్రం తిరిగేసరికి ఖాళీ మాయమయ్యేది. వదినా నేనూ మాకు తెలియకుండానే దగ్గరికి జరిగిపోయేవాళ్లం. గొడుగు నేల మీద ధన్‌మని పడేది. మళ్లీ మొదటి నుంచి.

"ఎందుకు మూస్తారు?" అని అరిచారు టీచర్ ఒకరోజు.

"బతుకమ్మ ఆడంగ ఎవలన్న పక్కకు వోతే దగ్గరికి జరుగుతం గద వదినె, గదే అలవాటు," అంది వదిన నాతో. "నడుమ జాగ ఖాళీగ ఉంటే నాకు మనసొప్పుతలేదు. జెప్పు మేడంకు."

నేను చెప్పలేదు గానీ, ఆలోచిస్తే మన బతుకులే అలాంటివి. బస్సులో ముగ్గురి సీట్లో నాలుగో మనిషికి సర్దుకుంటాం. ఈ దేశంలో అయితే మరీను. పొద్దున ఒకడు సొంత దేశం వెళ్లిపోతే సాయంత్రానికి ఆ బెడ్ స్పేసులో, అంటే అద్దె మంచం చోట్లో, ఇంకొకడి పెట్టె ఉంటుంది. ఖాళీని చూస్తే నింపడమే మనకి తెలుసు. ఖాళీని కాపాడమంటే చేతకాలేదు.

ఇంకో చిక్కు చేతులది. లేని భుజం మీద చెయ్యి వెయ్యాలి. వదిన చెయ్యి పైకి పోయేది, నాది కిందికి జారేది. ఒక వైపు పొడుగు మనిషీ, ఇంకో వైపు పొట్టి మనిషీ ఉన్నట్టుండేది. "అది భుజం! బట్టలారేసే తీగ కాదు!" అనేవారు టీచర్. పైనుంచి దారం వేలాడదీసి ముడి వేశారు. మేం కదిలితే దారం కదలదు కదా, కుదరలేదు. మాప్ కర్రకి తువ్వాలు చుట్టి మధ్యలో నిలబెట్టారు. లాహోర్ బాజీకి నవ్వాగలేదు, ఆ రోజు ప్రాక్టీసే ఆగిపోయింది. చివరికి టీచర్ కుర్చీలో కూలబడి అన్నారు: "ఆ పిల్లలు ఆమె భుజం మీద రోజూ చెయ్యి వేశారు. పోయాక కూడా ఆ ఎత్తు వాళ్ల చేతికి తెలుసు. మీకు ఆమె ఎవరో తెలియదు. మీ తప్పు కాదు."

తప్పు కాదని ఆవిడ అనగా వినడం అదే మొదలు. తిట్టినా బాగుండేదనిపించింది.

వీడియో తీసే రోజు వచ్చింది. టీచర్‌కి అప్పటికే దగ్గు, నీరసం ఉన్నాయి. వాయిదా వేద్దామంటే వినలేదు. అన్న ఫోన్‌ని స్టాండుకి బిగించాడు. మేమందరం చలికాలపు జాకెట్లు, దొరకనివాళ్లు మగవాళ్ల కోట్లు వేసుకున్నాం. టీచర్ పక్కన నిలబడి గొడుగుతో లెక్క కొడుతున్నారు. మొదటి నాలుగు నిమిషాలు నేను నమ్మలేనంత బాగా జరిగింది. ఖాళీ ఖాళీగానే ఉంది. చక్రం మొదలైంది. మేం తిరుగుతూ ఆవిడ ముందుకి వచ్చేసరికి గొడుగు చప్పుడు ఆగింది. ఆవిడ ఒక పక్కకి ఒరుగుతున్నారు.

వదిన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి చాపి ఆవిడ నడుం పట్టి వరసలోకి లాగేసింది. "రా టీచరమ్మా, నిలవడు," అంది. లాగింది సరిగ్గా ఐదో చోటులోకి. వదిన చెయ్యి ఒక భుజం మీద, నా చెయ్యి ఇంకో భుజం మీద. ఆవిడ పడలేదు. పడకపోవడమే కాదు, కాళ్లు వాటంతటవే లెక్కలోకి వచ్చేశాయి. మిగతా రెండు నిమిషాలూ మా మధ్య నిలబడి ఆడారు. ఆ కాళ్లని అంత దగ్గరగా అప్పుడే చూశాను. మోకాళ్లు పనిచెయ్యడం లేదన్న మనిషి. మేం ఎనిమిది మందిమీ మూడు నెలలు కష్టపడి నేర్చుకున్నదాన్ని ఆవిడ ఊపిరి పీల్చినంత సులువుగా చేశారు. నా చేతి కింద ఆవిడ భుజం ఎముక చిన్నగా, గట్టిగా తగిలింది.

అయిపోగానే మేమంతా చప్పట్లు కొట్టాం. టీచర్ మొహం పాలిపోయింది.

"ఖలాస్," అన్నారు. "పాడుచేశారు. ఆ చోటు నాది కాదు. ఆ పిల్లది."

"ఆమె పడిపోతాంది వదినె," అంది వదిన ఏడుపు గొంతుతో. "పడిపోతాంటె చూసుకుంట ఆడుమంటవా?"

నాకు కోపం వచ్చింది. వదిన మాట తర్జుమా చెయ్యడం మానేసి నా మాటే చెప్పాను. వందేళ్ల కిందట పోయినవాళ్ల చోటు కోసం ఇప్పుడున్న మనిషిని కింద పడనివ్వాలా అని అడిగాను. ఆవిడ గొడుగు తీసుకుని, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయారు. అన్నేసి మాటలు అని ఉండకూడదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను గానీ ఆవిడ ఉండగా చెప్పలేదు.

పది రోజులు మాతో మాట్లాడలేదు. వదిన మాత్రం రోజూ ఆవిడ తలుపు గొళ్లానికి డబ్బా తగిలించి వచ్చేది. రోజూ సాయంత్రానికి డబ్బా ఖాళీ అయి, కడిగి, తుడిచి మా తలుపు గొళ్లానికి తగిలించి ఉండేది. కోపం కోపమే, పప్పుచారు పప్పుచారే. పదకొండో రోజున డబ్బాతో పాటు చీటీ. "కారం తగ్గించు. శనివారం మళ్లీ తీద్దాం."

మళ్లీ తియ్యడం కుదరలేదు. ఆ శనివారానికి ముందే సెలూన్‌ని ఎవరో మొబైల్ రిపేర్ షాపుకి తీసేసుకున్నారు. ఇంకో చోటు వెతికేలోగా ఎండలు వచ్చాయి, ఫిలిప్పీన్స్ అమ్మాయి దేశం వెళ్లిపోయింది. అంతలో టీచర్ ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆసుపత్రి, ఇల్లు, మళ్లీ ఆసుపత్రి. అలాగే ఏడాది దాటింది.

చివరి నెలలో ఒక ఆదివారం చూడటానికి వెళ్లాను. వీడియో పెట్టమన్నారు. నా ఫోన్లో తెరిచి చేతికిచ్చాను. ఫైలు పేరు చదివి, "యాజ్ బిల్ట్ అంటే ఏమిటి?" అని అడిగారు. ప్రాక్టీసు వీడియోలన్నిటికీ ఆఫీసు అలవాటుకొద్దీ రివిజన్ నంబర్లు పెట్టాను. ఆఖరిదానికి ఆ పేరు పెట్టాను.

"మా పనిలో ముందు ఇంజనీర్లు గీసింది ఒకటి ఉంటుంది టీచర్," అన్నాను. "కట్టేటప్పుడు ఎక్కడో పైపు అడ్డొస్తుంది, గోడ కాస్త జరుగుతుంది. అంతా అయిపోయాక, నిజంగా ఎలా కట్టామో అలాగే మళ్లీ గీసి ఇస్తాం. దాన్ని యాజ్ బిల్ట్ డ్రాయింగంటారు."

"తప్పులతోనా?"

"తప్పులతోనే."

"దాచరా?"

"దాస్తే రేపు గోడకి మేకు కొట్టేవాడు కరెంటు తీగ మీద కొడతాడు."

ఆవిడ నవ్వారు, నవ్వు దగ్గయింది. తగ్గాక వీడియో మళ్లీ మొదటి నుంచి చూశారు. తను వరసలోకి వచ్చిన చోట ఆపలేదు. చివరిదాకా చూసి ఫోన్ నా చేతిలో పెట్టారు. "పంపు," అన్నారు. కింద ఏం రాయాలో చెప్పి రాయించారు. కట్టినావిడ పేరు ముందు రాయించారు. తర్వాత ఇలా: "ఐదో చోటు ఖాళీగా ఉండాలి. ఇందులో అక్కడ ఉన్నది నేను."

ఆవిడ చెప్పగా నేను రాసిన ఆఖరి మాటలు అవే. మూడు వారాలకి పోయారు.

ఆవిడ దేశంలో ఉన్న శిష్యురాలికి కొడుకే కబురు చెప్పాడట. ఆమె కొన్నాళ్లకి నాకు మెసేజ్ పెట్టింది. పిల్లలు నేర్చుకుంటున్నారనీ, అక్కడ చలి కాబట్టి కోట్లకి కొదవ లేదనీ రాసింది. ఒకే ఒక సందేహం. ఖాళీకి రెండు పక్కలా ఉన్న చేతులు ఎంత ఎత్తున ఉండాలి? కొడుకు పంపిన నోటుపుస్తకంలో లేదు. పాత ఫొటోలో కొలిచే వీల్లేదు. వీడియోలో అక్కడ టీచర్ ఉన్నారు, ఖాళీ లేదు. నాకూ తెలియదు. తెలిసిన మనిషి పోయారు. ఆ మెసేజ్‌కి రెండు వారాలు జవాబివ్వలేకపోయాను. పంపిన డ్రాయింగులో ఒక కొలత లేదని సైటు నుంచి ఫోనొస్తే ఎంత సిగ్గేస్తుందో అంత సిగ్గేసింది.

వాళ్లకి నలభయ్యో రోజు ముఖ్యమట, మనకి పదకొండో రోజులాగ. కొడుకు వస్తానన్నాడు, అందరం కలిసి ఏమైనా తినాలన్నాడు. తినడం సంగతి తను చూసుకుంటానంది వదిన. "ముందుగాల ఆడుదాం," అంది. ఫిలిప్పీన్స్ అమ్మాయి చోటులోకి మా ఎదురింటికి కొత్తగా వచ్చిన కాకినాడ అమ్మాయిని తీసుకున్నాం. కారిడార్లో నిలబెట్టి వారం రోజులు అడుగులు నేర్పాం. వరసలో నిలబడటం మాత్రం ఆ రోజే మొదలు.

సెలూన్ లేదు కాబట్టి బిల్డింగు వెనక పార్కింగులో, ఎండెక్కక ముందు. నాతూర్ రెండు కార్లు తీయించాడు. కొడుకు ఒక పక్కన ఆ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. అతనికి లెక్క రాదు, ఊరికే పట్టుకున్నాడు. అన్న డ్యూటీకి బయల్దేరుతూ ఆగాడు, తలకి హెల్మెట్, నడుముకి టేపు.

వరసలో నిలబడ్డాం. కాకినాడ అమ్మాయి వచ్చి, వదినకీ నాకూ మధ్య ఖాళీ చూసి, చొరవగా అందులోకి రాబోయింది. "ఇక్కడ ఖాళీ ఉంది కదండీ, ఇక్కడ నుంచోనా?"

"గక్కడ మనిషున్నరు బిడ్డా," అంది వదిన. బస్సులో కర్చీఫ్ వేసిన సీటు గురించి చెప్పినట్టే అంది. "నువ్వు గా కొసకు నిలవడు."

ఆ అమ్మాయి చివరికి వెళ్లి నిలబడింది. వదిన మూడు గిన్నెలు, నాలుగు గిన్నెలు అని లెక్క మొదలుపెట్టింది. ముందుకి నడిచాం, వంగాం, లేచాం. చక్రం తిరిగాం. నేను వదిన వైపు జరగలేదు. వదిన నా వైపు జరగలేదు. పార్కింగు గీతల మీద తిరుగుతున్నంతసేపూ మా మధ్య ఆ సందు అంతే ఉంది. ఆరు నిమిషాలు అయిపోయాయి. మొదటి చోటికి వచ్చి ఆగాం. అప్పుడు ఓరకంట చూశాను. ఎవరూ చెప్పకుండా, దారం లేకుండా, కర్ర లేకుండా, వదిన చెయ్యీ నా చెయ్యీ గాలిలో ఒకేచోట ఆగి ఉన్నాయి. రెండు నిమిషాలు, ఒకే ఒకసారి, ఆ భుజం మీద చెయ్యి వేసి ఆడాం. అది చేతికి గుర్తుంది.

"ఎవరూ చేతులు దించకండి," అన్నాను. "అన్నా, ఒకసారి కొలుస్తావా?"

అన్న నడుము టేపు తీసి, ముందు వదిన అరచేతి కింది నుంచి నేలకి కొలిచాడు. "నూట ఇరవయ్యారు సెంటీమీటర్లు," అన్నాడు. నా దగ్గరికి వచ్చి కొలిచాడు. ఇంకోసారి చూసుకున్నాడు. "గిదీ నూట ఇరవయ్యారే."

నేను లోపల్లోపల ఆ అంకె అనుకున్నాను, శిష్యురాలికి పంపాలి కదా. చెయ్యి మాత్రం దించలేకపోయాను. వదినా దించలేదు. అన్న టేపు చుట్టుకుని, హెల్మెట్ సర్దుకున్నాడు. కంపెనీ బస్సు ఆగేది మా వెనక రోడ్డు మీద. మా ఇద్దరి మధ్య నుంచి వెళ్తే నాలుగడుగులు. అన్న ఆ ఖాళీ ముందు ఒక్క క్షణం నిలబడి, దాన్ని దాటకుండా, మా వరస కొసదాకా నడిచి చుట్టూ తిరిగి వెళ్లాడు.